విమాన సిబ్బందికీ తనిఖీ ఎందుకు?

వందలమంది ప్రయాణికుల ప్రాణాలకు పూచీ వహించే విమాన చోదకుడు, విమానం వద్దకు పోవడానికి ముందు తన టోపీని, నడికట్టును, చేతిసంచిని ఎక్స్‌రే యంత్రంలోకి పంపి, లోహశోధక ద్వారం గుండా నడిచి, భద్రతా సిబ్బంది ఎదుట చేతులు చాచి నిలబడవలసి ఉంటుంది. సంచిలో నిషిద్ధమైన కత్తి ఏదైనా కనబడితే దానిని అక్కడే వదలిపెట్టాలి. ఆ తరువాత కొద్దిసేపటికే, టన్నులకొద్దీ ఇంధనంతో నిండిన విమానం మొత్తం అతని అధీనంలోకి వస్తుంది. పైగా పెద్ద ప్రయాణిక విమానాల కాక్‌పిట్‌లో, ప్రమాద సమయంలో అడ్డుపలకలను పగులగొట్టడానికై, నిబంధనల ప్రకారమే ఒక గొడ్డలి అమర్చి ఉంటుంది! గొడ్డలి ఉన్నచోటికి కత్తిని పోనివ్వకపోవడం ఏమి న్యాయమని వైమానికులు అనేక దేశాలలో దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. ప్రశ్న సహేతుకమైనదే. దానికి సమాధానం కావాలంటే చోదకుని స్వభావాన్ని అటుంచి, అతని ఒంటిమీది దుస్తులను, మెడలో వ్రేలాడే గుర్తింపు పత్రాన్ని పరిశీలించాలి.

దుస్తులు ఎంతటి మోసానికి సాధనం కాగలవో మన పొరుగునే ఒకసారి రుజువైంది. 1986 సెప్టెంబరు 5న బొంబాయి నుండి వచ్చిన పాన్ యామ్ 73వ నంబరు విమానం కరాచీలో ఆగి ఉండగా, నలుగురు సాయుధులు విమానాశ్రయ రక్షకుల దుస్తులు ధరించి, భద్రతా శాఖ వాహనాన్ని పోలిన వాహనంలో నేరుగా విమానం మెట్లవరకు వచ్చివేశారు. ప్రయాణికుల తనిఖీ ఎంత పకడ్బందీగా జరిగినా వారిని ఆపగలిగేది కాదు. వారు ఆ మార్గానే రాలేదు. లోపలి పరిచారికలు వెంటనే హెచ్చరించడం వల్ల చోదకులు కాక్‌పిట్ పైకప్పులోని అత్యవసర ద్వారం గుండా తప్పించుకున్నారు. విమానాన్ని నడిపేవారు లేకపోవడంతో దుండగులు దానిని మరొక దేశానికి తరలించలేకపోయారు. అయినా గంటల తరబడి సాగిన ఆ నిర్బంధం చివరకు కాల్పులతో ముగిసి, దాదాపు ఇరవైమంది మరణించారు. ప్రయాణికులను బయటికి పంపుతూ ప్రాణాలర్పించిన భారతీయ పరిచారిక నీర్జా భానోత్‌కు మరణానంతరం అశోకచక్ర ప్రదానం చేయబడింది.

కరాచీలో దుస్తులు నకిలీవి. మరుసటి సంవత్సరం అమెరికాలో జరిగిన ఘటనలో గుర్తింపు పత్రం అసలైనదే. 1987 డిసెంబరు 7న లాస్ ఏంజెలెస్ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోతున్న పసిఫిక్ సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 1771వ నంబరు విమానం కొండవాలుపై కూలి, అందులోని 43 మందీ మరణించారు. అందుకు కారకుడు, అంతకు కొద్దిరోజుల ముందే విమాన సంస్థ ఉద్యోగం నుండి తొలగింపబడిన వ్యక్తి. ఉద్యోగం పోయింది గాని, పత్రం మాత్రం అతని వద్దనే మిగిలింది. ఉద్యోగులకు ఆనాడు ఉన్న సదుపాయాన్ని ఉపయోగించుకొని, తనిఖీని తప్పించుకొని, పిస్తోలుతో సహా విమానమెక్కి, తన పై అధికారిని, చోదకులను కాల్చివేశాడు. దీని పర్యవసానంగా, విమాన సంస్థల ఉద్యోగులు కూడా ప్రయాణికులవలెనే తనిఖీ పొందాలనీ, ఉద్యోగం విడిచినవారి నుండి పత్రాలను తక్షణం స్వాధీనం చేసుకోవాలనీ అమెరికా ప్రభుత్వం నిబంధనలు విధించింది. ఈనాడు అనేక దేశాలలో సిబ్బంది నిలబడే తనిఖీ వరుసకు మూలాలు వెదికితే, ఈ దుర్ఘటన వద్దకే ఎక్కువగా చేరుకుంటాము.

అంతర్జాతీయంగా చూస్తే, 1944 నాటి చికాగో ఒడంబడికకు 1974 మార్చిలో చేర్చబడిన 17వ అనుబంధం ఈ విషయంలో సభ్యదేశాలకు ఆధారం. ప్రయాణికులే గాక, నిషిద్ధ ప్రాంతంలో ప్రవేశించే ఇతరులు కూడా, తమ వెంట తెచ్చే వస్తువులతో సహా, తనిఖీకి లోబడవలెనని అది నిర్దేశిస్తున్నది. ఏ పద్ధతిలో అనేది ఆయా దేశాల వివేచనకు విడిచిపెట్టబడింది.

భారతదేశం ఈ పాఠాన్ని తన అనుభవం నుండే నేర్చుకున్నది. 1971 జనవరిలో శ్రీనగర్ నుండి జమ్మూకు పోతున్న 'గంగ' అనే ఫాకర్ విమానాన్ని లాహోరుకు మళ్ళించినవారి చేతిలోని ఆయుధాలు నకిలీవని తరువాత తేలింది. 1976 సెప్టెంబరు 10న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం మరొకటి అపహరణకు గురికాగా, ప్రభుత్వం పాండే కమిటీని నియమించింది. ఆ కమిటీ సిఫారసుపై 1978 జనవరిలో పౌర విమానయాన శాఖలో ఒక భద్రతా విభాగం ఏర్పడింది. అదే సంవత్సరం డిసెంబరులో ఆటబొమ్మ తుపాకులతో లక్నో – ఢిల్లీ విమానం అపహరింపబడిందంటే, విభాగం ఏర్పడినంత మాత్రాన ద్వారం గట్టిపడదని స్పష్టమే. 1985 జూన్ 23న 'కనిష్క' విమానం అట్లాంటిక్ మహాసముద్రంపై పేలి 329 మంది మరణించిన పిదప, 1987 ఏప్రిల్ 1 నుండి ఆ విభాగం పౌర విమానయాన భద్రతా బ్యూరోగా, స్వతంత్ర శాఖగా పునర్వ్యవస్థీకరింపబడింది. 1999 డిసెంబరు నాటి కాందహార్ ఉదంతం తరువాత విమానాశ్రయాల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగింపబడసాగింది. 2000 సంవత్సరం ఫిబ్రవరిలో జైపూరుతో ఇది మొదలైంది. నిబంధనలు రూపొందించేది బ్యూరో, ద్వారం వద్ద నిలబడి అమలుజరిపేది ప్రధానంగా ఈ దళం.

మన దేశంలో విమాన సిబ్బంది విషయంలో రెండంచెల జాగ్రత్త కనిపిస్తుంది. మొదటిది వ్యక్తిని గురించినది: అతని పూర్వాపరాలను విచారించిన మీదటనే ఫోటోతో కూడిన ప్రవేశపత్రం లభిస్తుంది. విమానాశ్రయంలోని ఏయే భాగాలకు పోవచ్చునో ఆ పత్రంపైనే సూచింపబడి ఉంటుంది. రెండవది వస్తువులను గురించినది: పత్రం ఎంత నిక్కమైనదైనా ప్రతి ప్రవేశంలోను సంచికి ఎక్స్‌రే పరీక్ష, మనిషికి లోహశోధక పరీక్ష జరుగుతాయి. స్త్రీలను, తెరచాటు గదిలో, స్త్రీలే తనిఖీ చేస్తారు.

నమ్మకస్తుడని ఒకసారి నిర్ణయించిన తరువాత మళ్ళీ వెదకడమెందుకు? చోదకునికి తెలియకుండానే అతని సంచిలో ఎవరైనా ఏదైనా ఉంచవచ్చు. హోటలు గదిలో, సిబ్బంది వాహనంలో, ఆ సంచి అనేకుల చేతులు మారుతుంది. అతని కుటుంబాన్ని బెదిరించి అతని చేత ఒక పొట్లాన్ని లోపలికి మోయించవచ్చు. తనిఖీ దాటిన వస్తువు అతని వద్దనే ఉండిపోవాలనే నియమమేమీ లేదు; లోపల వేచి ఉన్న మరొకరి చేతికి అందవచ్చు. కాక్‌పిట్‌లోని గొడ్డలి మూసిన తలుపు వెనుక ఉంటుంది. సంచిలోని కత్తి నిరీక్షణశాలలో తిరుగుతుంది. వైమానికుల ప్రశ్నకు సూటి సమాధానం ఇదే. మరొక మాట కూడా చెప్పాలి: తనిఖీ తప్పదని తెలిసిన సిబ్బందిని బెదిరించి ప్రయోజనం లేదు. ఆ మేరకు అది వారికే రక్షణ.

1994 ఏప్రిల్ 7న అమెరికాలోని మెంఫిస్ నుండి బయలుదేరిన ఒక సరకు విమానంలో, విధి నిర్వహణలో లేని సాటి వైమానికుడే గిటారు పెట్టెలో సుత్తులు, చేపలను వేటాడే ఈటె తుపాకి దాచి తెచ్చి, ముగ్గురు సిబ్బందిపై విరుచుకుపడ్డాడు. తీవ్రంగా గాయపడిన ఆ ముగ్గురూ పెనుగులాడుతూనే విమానాన్ని సురక్షితంగా దించగలిగారు. సాటివాడన్న ఒక్క కారణంతో ఆ పెట్టెను ఎవరూ తెరచి చూడలేదు.

సిబ్బంది మొరలో న్యాయం లేదనడానికి వీలులేదు. ఒకే రోజున మూడు నాలుగు విమానాశ్రయాలలో దిగి ఎక్కేవారు, బయటికి వచ్చి తిరిగి ప్రవేశించినప్పుడల్లా అదే తంతుకు లోబడాలి. ప్రయాణికుల వరుసలోనే నిలబెడితే విమానం బయలుదేరే వేళ మించుతుంది. తొందరపాటు మనసుతో కాక్‌పిట్‌లో కూర్చునే చోదకుడు భద్రతకు మేలు చేయడు. మన దేశంలో మరొక చిత్రం ఉన్నది. రాష్ట్రపతి, ప్రధానమంత్రి, గవర్నర్లు, ముఖ్యమంత్రులు మొదలైన ప్రముఖులకు తనిఖీ నుండి మినహాయింపు ఇచ్చే జాబితా ఒకటి అమలులో ఉన్నది. ఆ జాబితాలో విమాన చోదకులు లేరు. మినహాయింపు పొందిన ప్రముఖుడు తిన్నగా నడిచిపోగా, ఆయనను గమ్యం చేర్చవలసిన కెప్టెన్ చేతులు చాచి నిలబడతాడు. పదవికి మర్యాదగా ఇచ్చిన మినహాయింపును భద్రతా సూత్రాలతో సమర్థించడం కష్టం.

అమెరికాలో శరీరాన్నంతటినీ చిత్రించే యంత్రాలు వాడుకలోకి వచ్చిన తరువాత, తరచు రేడియేషన్‌కు గురికావడాన్ని 2010 నవంబరులో చోదకుల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. యూనిఫారంలో ఉన్న చోదకులను ఆ యంత్రాల నుండి మినహాయిస్తున్నట్లు ప్రభుత్వం ఆ నెలలోనే ప్రకటించింది. 2011లో మరొక పద్ధతి ప్రారంభమైంది: ద్వారం వద్ద అధికారి, విమాన సంస్థ ఉద్యోగ రికార్డుతో పత్రాన్ని అప్పటికప్పుడే సరిపోల్చి, సిబ్బందిని ప్రత్యేక మార్గాన పోనిచ్చేవాడు. అయితే ముందుగా తెలియని విధంగా కొందరిని ఎంపికచేసి పూర్తి తనిఖీకి పంపేవారు. 1987 నాటి లొసుగు దీనితో పూడింది. ఉద్యోగం పోయిన క్షణాననే పత్రం చెల్లదు. ఆ చివరి షరతు ఎంత అవసరమో 2016 మార్చిలో తెలిసివచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో అట్లా ఎంపికైన ఒక విమాన పరిచారిక సామాను అక్కడే వదలి పారిపోయింది. ఆ సామానులో దాదాపు 70 పౌన్ల కొకెయిన్ దొరికింది. బాంబు బదులు మాదకద్రవ్యం కావడం అదృష్టమనే అనుకోవాలి. మన విమానాశ్రయాలలోను సిబ్బంది వద్ద దొంగ బంగారం పట్టుబడిన సందర్భాలు లేకపోలేదు.

ఏ ద్వారమూ పట్టుకోలేని అపాయం మరొకటి ఉన్నది. 2001 సెప్టెంబరు ఘటనల తరువాత, బయటివారు చొరబడకుండా కాక్‌పిట్ తలుపులను ఆయుధాలకు సైతం లొంగనంత దృఢంగా నిర్మించారు. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానంలో, కెప్టెన్ బయటికి వచ్చిన సమయంలో సహ చోదకుడు ఆ తలుపునే లోపలి నుండి బిగించుకొని, విమానాన్ని ఆల్ప్స్ పర్వతాలకు ఢీకొట్టించాడు. 150 మంది మరణించారు. అతని వద్ద ఏ ఆయుధమూ లేదు. ఏ లోహశోధక ద్వారమూ మ్రోగి ఉండేది కాదు. పని చేయగల స్థితిలో లేడని వైద్యులు వ్రాసి ఇచ్చిన పత్రాలను అతడు సంస్థకు తెలియనివ్వలేదని విచారణలో వెల్లడైంది.

అందుచేత ఐరోపా సమాఖ్య 2018లో చేసిన నిబంధనలు సంచుల జోలికి పోలేదు. ఉద్యోగంలో చేర్చుకునే ముందు చోదకుల మానసిక స్థితిని అంచనా వేయాలనీ, కష్టంలో ఉన్నవారు సాటి చోదకులతో గోప్యంగా మాట్లాడుకునే సహాయ ఏర్పాటు ప్రతి సంస్థలోను ఉండాలనీ అవి కోరుతున్నాయి. వ్యాధిని బయటపెడితే లైసెన్సు పోతుందేమోనని చోదకులు భయపడుతున్నంతకాలం ఈ ఏర్పాటు సగమే పనిచేస్తుంది. ఆ భయాన్ని పోగొట్టడం విమాన సంస్థల చేతిలోను, వైద్య నిబంధనలు వ్రాసేవారి చేతిలోను ఉన్న పని.