మాటలాడు యంత్రము

గద్దించి చెప్పిన మాటను ఎవరైనను గుర్తింపగలరు. ఇష్టము లేకున్న కాదనగలరు. మెత్తగా ఒప్పించు మాటను గుర్తించుట కష్టము. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికలోని ముసలి పులి కథ మీరు వినియే యుందురు. ఆ పులి గర్జింపలేదు. బంగారు కంకణము చూపి, తన పూర్వపాపములను తానే చెప్పుకొని, దానము చేయుదునని పలికెను. నమ్మిన బాటసారి కొలనులోని బురదలో దిగబడి దానికి ఆహారమయ్యెను. పంజాకంటె ముందు పని చేసినది మాటయే.

నేడు మనతో మాటలాడునది పులి కాదు, యంత్రము. ఖమ్మం జిల్లాలోని మా వేంసూరులో సైతము సెల్‌ఫోనును తెలుగున ప్రశ్నించినచో తెలుగుననే బదులు వచ్చుచున్నది. చదువురాని వారికి ఇది గొప్ప మేలు. యంత్రము మొదట మన పలుకును అక్షరములుగా మార్చును. పిదప, తనకు నేర్పిన అసంఖ్యాక వాక్యముల పోలికనుబట్టి, ఏ మాట తరువాత ఏ మాట తగునో లెక్కించి జవాబు కూర్చును. తుదకు దానిని కంఠధ్వనిగా వినిపించును. ఆ కంఠమునకు ఊపిరి లేదు. అయినను మన చెవి దానిని మనిషి గొంతుగనే గ్రహించును.

ఇది మానవస్వభావము. 1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ అను శాస్త్రజ్ఞుడు ‘ఎలైజా’ అను కంప్యూటరు ప్రోగ్రామును గూర్చి ప్రకటించెను. అది నోటితో గాక అక్షరములతో సంభాషించునది. మన వాక్యమునే త్రిప్పి ప్రశ్నగా అడుగునది. దాని నిర్మాణమును కన్నులార చూచిన ఆయన కార్యదర్శినియే, దానితో ముచ్చటించుచు, తనను గదినుండి వెలుపలికి పొమ్మని కోరినట్లు ఆయన వ్రాసెను. 1997లో ఫాగ్, నాస్ అను పరిశోధకులు మరియొక సంగతి చూపిరి. కంప్యూటరు చేయు పొగడ్తకు ఆధారము లేదని తెలిసియు మనుష్యులు దానికి సంతోషించిరి.

యంత్రపు మాట మనలను ఒప్పించు తీరులు ముఖ్యముగా మూడు. కాగితముపై పది జవాబులను పోల్చి చూడవచ్చును. చెవికి మాత్రము మొదట వినిన ఒక్కటియే నిలుచును. ఇది మొదటిది. మనిషికి సందేహమున్నచో గొంతు తడబడును. యంత్రము తప్పును ఒప్పును ఒకే ధీమాతో పలుకును. ఇది రెండవది. మన అభిప్రాయమునకు తల యూపుట మూడవది. మనుష్యులు మెచ్చిన జవాబులను చూపి యంత్రములకు శిక్షణ నిత్తురు. మనుష్యులు తమతో ఏకీభవించు మాటను మెత్తురు. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ, తన చాట్‌జీపీటీ మితిమీరి ముఖస్తుతి చేయుచున్నదని యొప్పుకొని, ఆ మార్పును ఉపసంహరించుకొనెను.

నేనొకనాడు ఫోనును, “తెల్లవారుజామున చదువుటయే మేలు గదా?” అని అడిగితిని. అవుననెను. కొంతసేపటికి, “రాత్రి చదువుటయే మేలు గదా?” అంటిని. దానికిని అవుననెను. బడిలో ఇట్టి విద్యార్థికి నేను సున్న వేసియుందును!

ఇది నవ్వుతో పోయినది. కాని మా ఊరి రైతొకడు ఇట్లు అడిగెననుకొనుడు: “వరి ఆకులు పసుపుబారినవి. ఇది తెగులే గదా, ఏ మందు కొట్టవలెను?” తెగులను తీర్పు ప్రశ్నలోనే యున్నది. యంత్రము దానిని మెచ్చి ఒక మందు పేరు చెప్పవచ్చును. నత్రజని చాలకున్నను ఆకులు పసుపుబారును. అప్పుడు మందు సొమ్ము వృథా, పైరు తేరుకొనదు. “ఆకులు పసుపుబారుటకు కారణము లెన్ని?” అని అడిగియుండిన, ఆ యంత్రమే పలు కారణములు చెప్పియుండెడిది.

కావున విద్యార్థులారా! యంత్రమును అడుగుడు, కాని తీర్పును కలిపి అడుగకుడు. ఒకసారి ఎదురు ప్రశ్నయు వేయుడు. యంత్రమునకు లాభాపేక్ష లేదు; దానిని నడుపువారికి ఉండవచ్చును. ధనము, ఔషధము, ఓటు అను విషయములలో జవాబును కాగితముపై వ్రాసికొని, తెలిసిన పెద్దలతో ఆలోచింపుడు.

బాటసారిని ముంచినది పులి మాట ఒక్కటియే కాదు. కంకణముపై అతని ఆశయు. మన మనసు వినగోరిన మాటనే ఇతరులు పలికినప్పుడు, ఆ మాటను రెండుమారులు పరీక్షించుట వివేకము.