బీము బరువు, మెకాట్రానిక్స్ చదువు



మీ ఊరి నుంచి ఎవరో ఒకరు భివండీకి సాంచాల పనికి వెళ్ళే ఉంటారు. ఠాణే జిల్లాలోని ఆ పట్టణంలో, కామత్‌ఘర్, పద్మానగర్ పేటల్లో తెలంగాణ నేత కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. అక్కడి పిల్లలు పదో తరగతి గట్టెక్కాక ఏం చదవాలని అడిగినప్పుడు, ఈ మధ్య మెకాట్రానిక్స్ అనే మాట వినిపిస్తోంది. పేరుకు బెదరకండి. మెకానిక్స్, ఎలక్ట్రానిక్స్ అనే రెండు మాటలను అతికించి 1969లో జపానులోని యాస్కావా ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరు టెత్సురో మోరీ పెట్టిన పేరిది.

పేరు జపానుదే గాని, పని మనవాళ్ళకు కొత్త కాదు. పాత సాంచాను తలచుకోండి. వెనుక పడుగు చుట్టిన బీము ఉంటుంది. అది ఇష్టం వచ్చినట్టు తిరగకుండా దానికి గొలుసో తాడో చుట్టి బరువు వేలాడదీస్తారు. నేత సాగేకొద్దీ బీము సన్నబడుతుంది. దాని వ్యాసం సగమైతే, అదే బరువు పడుగు మీద ఇంచుమించు రెండింతల బిగువు తెస్తుంది. పోగులు పటపట తెగుతాయి. అందుకే నేత కార్మికుడు చేతితో పడుగును తాకి చూసి, బరువును కొంచెం కొంచెంగా జరుపుతాడు. తాకి చూడటం, సరిపోల్చుకోవటం, సరిదిద్దటం. కంట్రోల్ సిస్టమ్స్ అనే పాఠమంతా ఈ మూడింటి మీదే నిలిచి ఉంది.

కొత్త రేపియర్ సాంచాల్లో చాలావాటికి ఈ పని సెన్సారు చేస్తుంది. పడుగు బిగువును అది కొలిచి చెబితే, కంట్రోలరు మనం పెట్టిన అంకెతో పోల్చి, బీమును తిప్పే సర్వో మోటారుకు ఆజ్ఞ ఇస్తుంది. వినటానికి సులువే! చిక్కు ఎక్కడంటే, ఎంత సరిదిద్దాలి, ఎంత త్వరగా అన్నదగ్గర. మోటారు తొందరపడితే బిగువు ఎక్కువా తక్కువా అవుతూ ఊగిసలాడుతుంది, బట్ట మీద అడ్డచారలు పడతాయి. మరీ నెమ్మదిస్తే ఈలోగా పోగు తెగుతుంది. ఈ లెక్క కోసమే ఇంజనీరింగులో అంత గణితం చెబుతారు. గణితమంటే భయపడే పిల్లలకు ముందు ఈ బీము చూపించి, తరువాత సమీకరణం చూపిస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

రేపియర్ షెడ్డులో ఒక మనిషి ఎక్కువ సాంచాలు చూస్తాడు. నేసే చేతుల అవసరం తగ్గుతుంది, బోర్డు తెరిచి లోపం పట్టగలవాడి అవసరం పెరుగుతుంది. ఇంట్లో నాన్న జాబరు అయితే, పిల్లవాడికి సగం పాఠం ముందే వచ్చినట్టు. మిగతా సగానికి పదో తరగతి తరువాత ఐ.టి.ఐ.లో రెండేళ్ళ టెక్నీషియన్ మెకాట్రానిక్స్ ఉంది. అది అన్నిచోట్లా ఉండదు. దొరకకపోతే ఎలక్ట్రానిక్స్ మెకానిక్ చదివి, పైన పి.ఎల్.సి. నేర్చుకోవచ్చు. చేర్చే ముందు ఒకసారి ఆ సంస్థకు వెళ్ళి, సెన్సార్లు, సర్వో మోటార్లు పిల్లల చేతికి ఇచ్చి పని చేయిస్తారా, అద్దాల బీరువాలో పెట్టి చూపిస్తారా అని మాత్రం కనుక్కోండి.

సెలవు.