ఒడ్డునే సగం పని

సూరత్‌కు బదిలీ మీద వచ్చిన కొత్తలో మా ఇంట్లో ఒక మాట నడిచేది, ‘పేరుకు తగ్గట్టే ఇక్కడి తాపీ నది తాపీగా పారుతుంది’ అని. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి వచ్చిన వరద ఊరిని ముంచెత్తడం చూసినవారు మాత్రం ఈ మాటకు నవ్వరు. మామూలు రోజుల్లో ఊళ్లో నది నిదానమే. అందుకే రాఫ్టింగ్ సరదా ఉన్నవాళ్లు ముంబయి దాటి, రాయగఢ్ జిల్లాలోని కోలాడ్ వెళ్తుంటారు. అక్కడి కుండలికా నదికి ఉరవడి భీరా జలవిద్యుత్ కేంద్రం వదిలే నీటితో వస్తుంది. సాధారణంగా ఉదయం పూట వదులుతారు కాబట్టి రాఫ్టింగ్ కూడా ఉదయమే.

మేం మూడు కుటుంబాలవాళ్లం కలిసి వెళ్లాం. మా గైడ్ అరగంట సేపు ఒడ్డునే రాఫ్ట్ సర్దుతూ ఉంటే పిల్లలు విసుక్కున్నారు. ఆ అరగంట విలువ నది మధ్యలో తెలిసింది. ఆయన చేసినవి, వాటి కారణాలు మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటిది గాలి. రాఫ్ట్ ట్యూబులో వేర్వేరు అరలుంటాయి. ఒకటి చిరిగినా మిగతావి తేలుస్తాయి. గాలి తక్కువైతే అలను ఢీకొన్నప్పుడు రాఫ్ట్ మధ్యలో వంగిపోతుంది, తిప్పిన వైపు తిరగదు. మరీ ఎక్కువైతే అతుకులకు ముప్పు. ఎండలో గట్టిగా ఉన్న ట్యూబు చల్లటి నీళ్లలో మెత్తబడుతుంది. అందుకే ఆయన రాఫ్ట్‌ను నీళ్లలోకి తోసి, కాసేపు ఆగి, మళ్లీ పంపు కొట్టాడు.

రెండోది బరువు. ఒక పక్క బరువెక్కితే ఆ పక్క నీళ్లలోకి దిగి, రాఫ్ట్‌ను అటే లాగుతుంది. ముందు భాగం తేలికైతే పెద్ద అల దాన్ని పైకి లేపేస్తుంది. కాబట్టి బలంగా, ఒకే తాళంలో తెడ్డు వేయగల ఇద్దరిని ముందు కూర్చోబెట్టాడు. వెనకవాళ్లు వాళ్లను చూసి వేయాలి. పెద్ద పిల్లలు మధ్యలో. గైడ్ చుక్కానిలా చివర. సంచి ఒక్కటే, అదీ మధ్యలో కట్టేసి.

మూడోది నీరు. రాఫ్ట్ అడుగున అంచుల వెంట ఉండే రంధ్రాల గుండా లోపలికొచ్చిన నీరు దానంతటదే పోవాలి. పది లీటర్ల బకెట్లు యాభై నిలిచాయంటే అర టన్ను బరువు! ఇక తెడ్డుకు ఏం లొంగుతుంది?

నాలుగోది పట్టు. ట్యూబు అంచున కూర్చుని, పాదాన్ని అడ్డ ట్యూబు కింద ఆనించాలి, ఇరికించకూడదు. తెడ్డు పిడిని ఎప్పుడూ వదలకూడదు. వదిలితే పక్కవాళ్ల పళ్లు రాలతాయి. రాఫ్ట్ చుట్టూ తాడు బిగుతుగా ఉండాలి. వేలాడే తాడు చేతికో, కాలికో చుట్టుకుంటుంది. మనల్ని మనం రాఫ్ట్‌కు కట్టుకోవడం ఎన్నటికీ తగదు.

చివరిది మాట. నిదానపు నీటిలోనే ‘ముందుకు’, ‘వెనక్కి’, ‘ఆపు’ అనే ఆజ్ఞలు సాధన చేయించాడు. వాటిలో ముఖ్యమైనది, రాఫ్ట్ అడ్డంగా రాయికి తగిలితే అందరూ రాయి వైపే జరగడం. భయంతో దూరంగా జరగాలనిపిస్తుంది. అలా జరిగితే ఎగువ అంచు నీళ్లలో మునిగి, ప్రవాహం రాఫ్ట్‌ను రాయికి చుట్టేస్తుంది. మాకు అదే జరగబోయింది. ఆయన అరవగానే మా అమ్మాయి అందరికన్నా ముందు రాయి మీదికి వాలింది. మేమూ వాలాం. రాఫ్ట్ మెల్లగా జారి బయటపడింది.

ఇక లైఫ్ జాకెట్ గురించి మన తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగింది గుర్తు చేసుకుంటే చాలు. భుజాల దగ్గర పట్టి పైకి లాగితే జాకెట్ కదలకూడదు. నీళ్లలో పడితే వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువకు పెట్టాలి. ఉరవడిలో నిలబడే ప్రయత్నం చేయవద్దు.

కౌంటర్ తెరవక ముందే నగదు లెక్క చూసుకునే అలవాటు మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. రాఫ్ట్ సంగతీ అంతే. మీరు వెళ్లినప్పుడు గైడ్‌ను తొందరపెట్టకండి. ఇవేవీ చూడకుండా ‘ఎక్కండి, ఎక్కండి’ అంటే మాత్రం ఎక్కకండి.