ఇంటిచోటు నిర్ణయించు నధికార మెవ్వరిది?

వరద తీసిన పిదప మన పల్లెలలో రెండు మాటలు వినవచ్చుచుండును. "మా యూరి సంగతి మాకు దెలియును, పైవారి జోక్య మేల?" అనునది యొకటి. "అన్నియు ప్రభుత్వమే చూచుకొనును, మన కేల?" అనునది రెండవది. ఈ రెంటియందును సగము సత్యమే కలదు. ఇండ్లు, బాటలు, కట్టలు, నీటివసతులు అను వానిలో ఏది యూరు తేల్చుకొనవలయునో, ఏది ప్రాంతమంతయు కలిపి యోచింపవలయునో సభ్యులకు విన్నవింప దలచితిమి. ఇందులకు మన బూర్గంపాడు మండలమే మంచి పాఠము.

మొదట నదిని గూర్చి. గోదావరి యే పంచాయతీకిని లోబడునది కాదు. మహారాష్ట్రమునను ఛత్తీస్‌గఢ్ అడవులలోను కురిసిన వాన కొన్ని దినములకు మన గట్టున కనబడును. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులకు వచ్చినపుడు మొదటి హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు చేయుదురు. 1986 ఆగస్టులో 75.6 అడుగులును, 2022 జూలైలో 71.3 అడుగులును వచ్చెను. 2022లో భద్రాచలము వంతెనపై రాకపోకలు సైతము నిలిపివేయబడెను. పెద్దనది నిండియున్నపుడు, బూర్గంపాడు సమీపమున దానిలో కలియు కిన్నెరసానికి దారి దొరకదు. ఆ నీరు వెనుకకు తన్ని పొలములపైనను ఇండ్లపైనను బడును. ఒక యూరివారు తమ కట్టను మాత్రమే యెత్తుచేసికొనిన, నీరు పొరుగూరిని ముంచును. కావున కట్టలు, వంతెనలు, రహదారులు, వరద హెచ్చరికలు ఒక్క గ్రామము చేతిలో నుండదగినవి కావు.

అయినను పైనుండి గీసిన గీత ఊరి నెట్లు కోయునో కూడ మనము చూచియున్నాము. పోలవరము జలాశయమునకు 150 అడుగుల పూర్తి నీటిమట్టము 1980 నాటి గోదావరి జలవివాదముల ట్రిబ్యునలు తీర్పులో నిర్ణయింపబడెను. తెలంగాణ రాష్ట్ర మేర్పడుటకు నాలుగు దినములు ముందు, 2014 మే 29న, ముంపు ప్రాంతమును ఆంధ్రప్రదేశ్‌లో చేర్చు ఆర్డినెన్సు వెలువడెను. జూలైలో పార్లమెంటు దానిని చట్టము చేసెను. కట్టెడు రాష్ట్రమును, మునుగు భూమిగల రాష్ట్రమును ఒకటే యైన పునరావాసము సుకరమగునని వారి యోచన. అందు యుక్తి లేకపోలేదు. కాని యా గీత మన మండలమును రెండుగా చీల్చెను. బూర్గంపాడు, సారపాక, ఇరవెండి, నాగినేనిప్రోలు మొదలగునవి తెలంగాణలో నిలిచినవి. సీతారామనగరము, శ్రీధరవేలేరు, ఇబ్రహీంపేట, రావిగూడెము మొదలగునవి ఆంధ్రప్రదేశ్‌కు పోయి కుక్కునూరు మండలమున జేరినవి. ఒకే కార్యాలయమునకు పోవుచుండినవారు రెండు రాష్ట్రముల కార్యాలయములకు పోవలసివచ్చెను. రాజ్యాంగము 3వ అధికరణము ప్రకారము సరిహద్దు మార్చునపుడు రాష్ట్ర శాసనసభ యభిప్రాయము కోరుదురు; ఊరి యభిప్రాయము నడుగవలెనను నియమ మందు లేదు.

అట్లయిన ఊరి చేతిలో నేమియు లేదా? కలదు, ఎరిగి వాడుకొనువారే తక్కువ. షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీలకు సంబంధించిన 1996 చట్టము (దీనినే 'పెసా' యందురు) ప్రకారము అభివృద్ధి ప్రణాళికలు పంచాయతీ చేపట్టుటకు ముందు గ్రామసభ యామోదము పొందవలయును. పేదల పథకములకు లబ్ధిదారులను గుర్తించునదియు గ్రామసభయే. భూసేకరణకును పునరావాసమునకును ముందు సంప్రదింపు జరుగవలయుననియు, అసలు ప్రణాళికారచన రాష్ట్రస్థాయిలో సమన్వయింపబడవలయుననియు ఆ చట్టమే చెప్పుచున్నది. అనగా రెండు చేతులును కలియవలయునని దాని భావము. 2013 భూసేకరణ చట్టము మరియొక యడుగు ముందుకు వేసి, షెడ్యూల్డు ప్రాంతములలో భూసేకరణకు గ్రామసభ లేక తగిన స్థాయి పంచాయతీ యొక్క ముందస్తు సమ్మతి కావలయుననెను. ఇక 2006 అటవీహక్కుల చట్టము ప్రకారము బడి, అంగన్‌వాడీ, త్రాగునీటి గొట్టము, చిన్న చెరువు, బాట మొదలగువానికి, గ్రామసభ సిఫారసు చేసినచో, ఒక్కొక్క పనికి ఒక హెక్టారునకు మించని యడవి భూమిని ప్రభుత్వ మియ్యవచ్చును. హెక్టారునకు 75 చెట్లకు మించి కొట్టరాదు.

మన సహకారోద్యమమున నీ రీతి క్రొత్తది కాదు. గ్రామ సంఘమునకు పైన జిల్లా కేంద్ర బ్యాంకును, దానికి పైన రాష్ట్ర బ్యాంకును గలవు. పెట్టుబడి పైనుండి వచ్చును. అయితే ఎవని సేద్య మెట్టిది, ఎవడు మాట నిలుపుకొనువాడు అనునది ఇరుగుపొరుగున నుండు సభ్యులే యెరుగుదురు. పై బ్యాంకు లేనిచో సంఘమునకు ధనము లేదు. సంఘము కన్నుమూసినచో బ్యాంకు ధనము బూడిదలో బోసినట్లే.

ఇంటి విషయమును అంతియే. 2024 మార్చిలో భద్రాచలమున ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకమున ఇంటికి 5 లక్షల రూపాయలని రాజధానిలో నిర్ణయించిరి. ఆ యిల్లు పల్లమున లేచునా మెరకను లేచునా యనునది మాత్రము రాజధానికి దెలియదు. 1986లో నీరెంతవరకు వచ్చెనో, 2022లో ఏ గోడ వరకు తడిసెనో మన ముసలివారును మన గోడలును చెప్పగలవు. ఈ జ్ఞానము కాగితము మీదికి రానిచో, 5 లక్షలును మరియొక వరదలో నానును.

కావున సభ్యులకు మా మనవి యిది. ప్రతి గ్రామమునను రెండు వరదల నీటిగుర్తులను సర్వే నంబర్లతో వ్రాసి పటము చేయుడు. మెరక భూములు, బాటలు, త్రాగునీటి బావులు, శ్మశానము, పశువుల నిలుపుచోటు అందు చూపుడు. దానిని గ్రామసభలో బిగ్గరగా చదివి, తీర్మానము చేసి, నకలు భద్రపరచుడు. లబ్ధిదారుల జాబితాయు అట్లే అందరియెదుట చదువబడవలయును. కట్టలు, వంతెనల విషయమున మాత్రము ఒంటరిగా అర్జీ పెట్టక, గీత కావలి గ్రామములతో గూడి యొకే అర్జీ వ్రాయుడు. రాష్ట్రములు రెండయినను కిన్నెరసాని యొక్కటే గదా!

పైవారు మన నడుగలేదని తరువాత వగచుటకంటె, అడిగిన నాడు చూపుటకు పటము చేతనుంచుకొనుట మేలు. అడుగకున్న నాడు ఆ పటమే మన పక్షమున మాటాడును.