ఢిల్లీ ఖజానాలో మన వంతు

అబ్దుల్లాపూర్‌మెట్ అంగడిలో సరుకు కొను గృహస్థు చెల్లించు వస్తుసేవల పన్నులో సగము రాష్ట్రమునకును, సగము కేంద్రమునకును చేరును. ఆదాయపు పన్నును కేంద్రమే వసూలు చేయును. ఇట్లు ఢిల్లీ చేరిన ధనములో రాష్ట్రములకు వచ్చు భాగము దానము కాదు. రాజ్యాంగము 270వ అధికరణమున నొసగిన హక్కు.

2021-26 సంవత్సరములకు 15వ ఆర్థిక సంఘము పంపకపు నిధిలో నూటికి 41 వంతులు రాష్ట్రములకిచ్చెను. 14వ సంఘము కాలమున 2.437 శాతముగా నుండిన తెలంగాణ వాటా 2.102 శాతమునకు దిగెను. వాటాలు తేల్చు కొలతలలో నూటికి 45 వంతులు తలసరి ఆదాయపు వెనుకబాటునకే కేటాయింపబడెను. బీద రాష్ట్రముల నాదుకొనుటను మనమాక్షేపింపము. కాని సెస్సులును సర్‌ఛార్జీలును ఈ పంపకమునకు వెలియై యున్నవి. పేరు మారినంతనే ప్రజలిచ్చిన పన్ను పన్ను కాకపోవునా?

ఈ న్యాయము హైదరాబాదునకును వర్తించును. 2024 ఆరంభమున పదవీకాలము ముగిసిన గ్రామ పంచాయతీలకు 2025 డిసెంబరు వరకు ఎన్నికలు జరుగలేదు. అందుచే కేంద్రపు గ్రాంటులు నిలిచిపోయెను. ఢిల్లీలో తన వంతు కోరు ప్రభుత్వము, పల్లెల వంతును పల్లెలకు సకాలమున దక్కనిచ్చిననే ఆ కోరికకు బలము చేకూరును.