ఇంటర్నెట్ లేకుండానే ఫోన్ ఎలా మోగుతుంది?

వరంగల్‌లో భద్రకాళి చెరువు పక్కన ఒక బడి ఉందనుకోండి. ఆఫీసు గది నుంచి ల్యాబ్‌కు ఫోన్ చేయాలి. దానికి సిమ్ కార్డు, రీచార్జి, ఇంటర్నెట్... ఏవీ అక్కర్లేదు. బడిలో వైఫై ఉంటే, ఒక పాత కంప్యూటర్‌లో లినక్స్, దానిమీద ఆస్టెరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే చాలు. దీన్ని 1999లో మార్క్ స్పెన్సర్ అనే అమెరికా విద్యార్థి రాశాడు. ఎందుకంటారా? తన చిన్న కంపెనీకి ఫోన్ ఎక్స్ఛేంజ్ కొనేంత డబ్బు లేక!

ఆఫీసు ఫోన్‌కు 101, ల్యాబ్ ఫోన్‌కు 102 అని నంబర్లిస్తాం. వైఫైలో చేరగానే 102 తన చిరునామాను ఆ పాత కంప్యూటర్‌కు, అంటే సర్వర్‌కు చెప్పి, పాస్‌వర్డ్ తనకు తెలుసని నిరూపించుకుంటుంది. 101లో ఎవరైనా 102 నొక్కితే, సర్వర్ ఆ చిరునామా వెతికి గంట మోగిస్తుంది.

అసలు తమాషా మాటలో ఉంది. జి.711 పద్ధతిలో మీ గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలు చేస్తారు. అవి సాధారణంగా సెకనుకు 50 పొట్లాలుగా వెళ్తాయి. ఒకటి దారిలో పోతే మళ్లీ పంపమని అడగరు. అది వచ్చేసరికి మాట ముందుకెళ్లిపోతుంది కదా! అందుకే వైఫై సరిగా లేకపోతే మాట తెగుతుంది.

మీరూ చేసి చూడండి. 101కి పాస్‌వర్డ్ కూడా 101 అని మాత్రం పెట్టకండి. దొంగలు ముందుగా ప్రయత్నించేది అలాంటివే.