సెలవులకే సరిహద్దు.. చలికి కాదు

బరంపురం: మా ఇంట్లో గోడకి మూడు క్యాలెండర్లు వేలాడుతుంటాయి. ఒకటి ఒడియాది. మా పాప బడి సెలవులు అందులో చూసుకోవాలి. రెండోది తెలుగుది. మా ఆవిడ ఇచ్ఛాపురం దగ్గర సర్కారు బడిలో టీచరు, రోజూ బరంపురం నుంచి బస్సులో వెళ్లొస్తుంది. ఆమె సెలవులు ఇందులో ఉంటాయి. మూడోది మందుల షాపువాళ్లు ఇచ్చిన క్యాలెండరు. అందులో పండగలేవీ చూడం. సోమవారం, గురువారం అంకెల చుట్టూ ఎర్ర పెన్సిలు గీతలు. అవి సోంపేటలో మా మావయ్యకి డయాలసిస్ రోజులు.

సరిహద్దులో కాపురం చేసేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒడిశాలో క్రిస్మస్‌కి బడులకు కొన్ని రోజులు దొరుకుతాయి, మకర సంక్రాంతికి ఒక్కటే రోజు. ఇరవై అయిదు కిలోమీటర్లు ఇవతలికొస్తే లెక్క తిరగబడుతుంది. క్రిస్మస్‌కి ఒక రోజు, సంక్రాంతికి వారం పైనే. అంటే తల్లికి సెలవున్నప్పుడు పిల్లకి బడి, పిల్లకి సెలవున్నప్పుడు తల్లికి బడి. ఇక నాకా? పత్రిక వాడికి సంక్రాంతికి ఒక్క రోజు. మిగతావి బతిమాలుకుని తెచ్చుకున్నవే.

ఈ లెక్కల్లో మేమిద్దరం కలిసి నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లి ఆరేళ్లయింది. 2025 డిసెంబరులో మా ఆవిడ గోడ ముందు నిలబడి, మూడు క్యాలెండర్లూ ఒకేసారి చూసి, ‘ఈసారి ఎలాగైనా వెళ్దాం బావా’ అంది. (మాది మేనరికం. ఆమె నా మేనత్త కూతురు. పెళ్లయి పన్నెండేళ్లయినా పిలుపు మారలేదు.) ఆమె మనసు దారింగబాడి మీద ఉంది. కంధమాల్ కొండల్లో కాఫీ తోటలు, మిరియాల తీగలు, తెల్లారేసరికి గడ్డి మీద పేరుకునే మంచు.. చలికాలం వస్తే బరంపురం సగం అక్కడే ఉంటుంది. కానీ సోంపేట నుంచి మావయ్యని అంత దూరం తిప్పి మళ్లీ సోమవారానికి మిషను దగ్గరికి చేర్చడం అయ్యే పని కాదు. ఆయన్ని వదిలేసి వెళ్దామంటే ఆమెకి కాళ్లు కదలవు.

బాతుల దగ్గరికి..

క్రిస్మస్ గురువారం వచ్చింది. మావయ్యది మిషను రోజు. అత్త తోడుంటానంది, ‘మీరెళ్లండర్రా’ అని గదిమింది కూడా. తెల్లవారుజామున మూడున్నరకి నా కాలేజీ స్నేహితుడి కారులో బయల్దేరాం. అతనిది ఒడియా కుటుంబం, భార్యది కటక్ వైపు. ఇద్దరూ మాతో తెలుగే మాట్లాడాలని పంతం పడతారు. అతను ‘చలి కొడుతోంది’ అనడానికి ‘చలి తింటోంది’ అంటాడు. ఆ ఉదయం మాత్రం అదే సరైన మాట అనిపించింది.

జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే టాంగి, అక్కణ్నుంచి లోపలికి మంగళాజోడి. చిలికా ఉత్తరపు ఒడ్డున రెల్లుగడ్డి మడుగులు. మోటారు పడవలు లేవు, గెడ వేసి తోసే నాటు పడవలే. మోటారుంటే పక్షులు లేచిపోతాయి. మా పడవతను తెడ్డు పెట్టకుండా, గెడని మెల్లగా బురదలో దించుతూ తీసుకెళ్లాడు. సూదితోక బాతులు, నల్లతోక గాడ్విట్‌లు పడవకి అయిదారు గజాల్లో మేత మేస్తున్నాయి. సైబీరియా, మంగోలియా వైపుల నుంచి అక్టోబరు దాటాక వస్తాయి, మార్చికల్లా వెళ్లిపోతాయి. ఈ ఊళ్లోనే ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్మేవారు. ఆ వేటగాళ్లే తర్వాత కాపలాదారులయ్యారు, పడవలు నడిపేవాళ్లయ్యారు. ఏ పక్షి ఏ పొద దగ్గర ఉంటుందో వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది మరి!

మా పాప బైనాక్యులర్స్ వదల్లేదు. మధ్యలో ఒకసారి దించి, ‘వీటికి ఎన్ని రోజులు సెలవు?’ అని అడిగింది. అయిదు నెలలని చెప్పాం. నిట్టూర్చింది.

మర్నాడు మా ఆవిడ బడికి వెళ్లిపోయింది.

పండగ రోజు మంచం మీద

సంక్రాంతి కూడా గురువారమే. 2026 జనవరి 15. ముందు రోజు భోగికి మేం సోంపేట చేరాం. మా నాన్న కూడా వచ్చారు. పాపకి బడి మానిపించాం, ఆ సంగతి వాళ్ల టీచరు ఈ పేజీ చదవరనే ధైర్యంతో రాస్తున్నా.

ఉద్దానం గురించి మన పాఠకులకి తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. నీరా, మందులా, ఎండలో పనా.. పరిశోధకులు ఎందరో వచ్చారు, నమూనాలు పట్టుకెళ్లారు. కారణం మాత్రం ఒక్కటిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. డయాలసిస్ కోసం విశాఖ పరుగెత్తే రోజులు తగ్గాయి, మావయ్యలాంటి వాళ్లకి సోంపేటలోనే మిషను దొరుకుతోంది. కానీ మిషను దొరికినంత మాత్రాన పండగ ఆగదు కదా, పండగ వచ్చిందని మిషనూ ఆగదు. సంక్రాంతి పూట ఉదయం ఆయన కొత్త పంచె కట్టుకుని, నాలుగు గంటలు ఆ మంచం మీద పడుకున్నారు. పక్క మంచాల వాళ్లూ కొత్త బట్టల్లోనే ఉన్నారు.

కొబ్బరి తోటల మధ్య పుట్టిన మనిషి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆయన చెట్లలో సగానికి పైగా పడగొట్టింది. మిగిలిన చెట్ల కాయ నీళ్లు తాగడానికి లేదు, పొటాషియం ఎక్కువట. అరటిపండూ వద్దు. రోజుకి తాగే నీళ్లు కొలిచి సీసాలో పోసి ఇస్తుంది అత్త. ‘చలికాలమే నయం, దాహం తక్కువ’ అంటారాయన. వేసవిలో ఐసుముక్క ఒకటి నోట్లో పెట్టుకుని గంట గడుపుతారు.

ఆ సాయంత్రం వాకిట్లో మంచం మీద కూర్చుని మా నాన్నతో అన్నారు, ‘బావా, మహేంద్రగిరి ఒకసారి చూడాలనుంది.’

మా నాన్న ఏమీ అనలేదు. ఇద్దరూ 1974 శివరాత్రికి మందస నుంచి నడిచి ఎక్కారు. సాబకోట, బుడారిసింగి మీదుగా అడవి దారి. అప్పటికి మా అత్తకి పెళ్లి కూడా కాలేదు. ఆ నడకలోనే ‘నా చెల్లెల్ని చేసుకుంటావా’ అని నాన్న అడిగారని ఇంట్లో కథ. అత్త మాత్రం అదంతా అబద్ధమంటుంది.

శుక్రవారం కనుమ. శని, ఆదివారాలు ఖాళీ. సోమవారం పొద్దున్నే మిషను, అదే రోజు ఆంధ్రా బడులూ తెరుస్తారు. డాక్టరుగారిని అడిగితే వాహనంలో వెళ్లి రావచ్చన్నారు. ఎక్కడం వద్దు, ఫిస్టులా ఉన్న చేత్తో బరువు పట్టద్దు, నీళ్ల సీసా దాటద్దు, తేడాగా ఉంటే వెంటనే దిగిపోవాలి అన్నారు. అన్నిటికీ మావయ్య తలూపారు. ఆయన అంత సులువుగా తలూపడం నేనెప్పుడూ చూడలేదు.

చిన్న రైలు ఎక్కినవాళ్లు

శనివారం రెండు వాహనాల్లో పదకొండు మందిమి. మా బావమరిది పిల్లలిద్దరూ మా పాపా వెనక సీట్లో. పలాస, టెక్కలి దాటి పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వెళ్లాం. దారిలో టెక్కలి దగ్గర తేలినీలాపురం చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కనబడ్డాయి. మంగళాజోడిలో చూసిన అనుభవం ఉంది కదా, మా పాప మిగతా ఇద్దరికీ పాఠం చెప్పింది.

నౌపడ పేరు వినగానే నాన్న, మావయ్య ఇద్దరూ చిన్న రైలు గురించి మొదలుపెట్టారు. పర్లాకిమిడి రాజావారి నారోగేజి లైను 1900లో మొదలైంది. దిగి నడుస్తూ జీడిపప్పులు ఏరుకుని మళ్లీ ఎక్కేవాళ్లమని నాన్న అంటారు. ఎంత నిజమో ఆయనకే తెలియాలి. 2004లో దాన్ని ఆపారు, 2011లో గుణుపురం దాకా పెద్ద లైను నడిచింది.

రాత్రి పర్లాకిమిడిలో పిన్ని ఇంట్లో బస. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు, సవర భాష నేర్చుకుని సవరలకి చదువు చెప్పాలని తపించిన ఊరు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక అటు వెళ్లింది, బజారు మాత్రం ఇంకా రెండు భాషల్లోనూ బేరమాడుతుంది. పిన్ని చేసిన చింతపండు పులుసు మావయ్యకి లేదు. ఆయన పళ్లెంలో అన్నం, వంకాయ, ఉప్పు లేని పప్పు కొద్దిగా. అందరికంటే ముందు తినేసి లేచారు.

కొండ మీద కుర్చీ

ఆదివారం చీకటితో బయల్దేరాం. కొయింపురం దాటాక ఘాట్ రోడ్డు. కొండ ఎత్తు 1501 మీటర్లు, పైదాకా దాదాపు వాహనం వెళ్తుంది. మలుపు మలుపుకీ చలి పెరిగింది. అద్దాల మీద మంచు పట్టి డ్రైవరు రెండుసార్లు ఆపి తుడిచాడు. వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట: తెల్లవారుజామున తొందరపడద్దు. మంచులో ఎదురొచ్చే జీపు దగ్గరికొచ్చే దాకా కనబడదు. తినడానికి, తాగడానికి కిందే కట్టించుకోండి. తెచ్చిన ప్లాస్టిక్కు తిరిగి దింపండి. 2022లో ఈ కొండని జీవ వైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు, మనం మాత్రం బిస్కట్ కాగితాలు వారసత్వంగా వదిలి వస్తున్నాం.

మీద మూడు పాత గుళ్లున్నాయి. కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పిలుస్తారు. గాంగ రాజులు కొలిచిన గోకర్ణేశ్వరుడు ఇక్కడివాడే. రాజేంద్ర చోళుడి విజయ శాసనం కూడా ఈ కొండ మీదే ఉంది. భీముడి గుడి శిఖరం మీద. పెద్ద పెద్ద రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. సున్నం, అలంకారం ఏమీ లేవు.

మడత కుర్చీ వేసి మావయ్యని కూర్చోబెట్టాం. రగ్గు కప్పాం. ‘బావ ఎక్కకపోతే నేనూ ఎక్కను’ అని నాన్న పక్కన రాయి మీద చతికిలబడ్డారు. అత్త అక్కడే ఉంటానంది. మిగిలినవాళ్లం పిల్లల్ని తీసుకుని పైకి నడిచాం. గాలి ఈడ్చేస్తోంది. మా ఆవిడ చెంగు తలకి చుట్టుకుని నా చేయి పట్టుకుంది, ఇద్దరం మాట్లాడుకోకుండా ఎక్కాం. మాకు ఆ సెలవుల్లో దొరికిన ఏకాంతం ఆ అరగంటే, అదీ ముగ్గురు పిల్లల అరుపుల మధ్య. దారిలో ఒడియా బోర్డులన్నీ మా పాప చదివి తెలుగులో చెప్పింది. ఆమెకి తెలుగు అక్షరాలు రావు. బావమరిది కొడుకు అప్పటికప్పుడు మట్టిలో పుల్లతో ‘అ ఆ’ రాసి చూపించాడు. సెలవులిచ్చే పని బడి చేయలేదని నా గొణుగుడు. టీచరైన మా ఆవిడ వినిపించుకోలేదు.

దిగి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. రగ్గు నేల మీద ఉంది. అత్త కూడా లేదు.

మా ఆవిడ ‘నాన్నా’ అని అరిచిన అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది. పరిగెత్తింది, చెప్పు తెగింది, ఆగలేదు. నేను ఇంకోవైపు వెళ్లాను. అయిదు నిమిషాలో పదో, గంటలా గడిచింది. చివరికి బావమరిది కేకేశాడు. తూర్పు అంచున, రాళ్ల పక్కన ముగ్గురూ నిలబడి ఉన్నారు. మావయ్య కుడిచేయి నాన్న పట్టుకున్నారు, ఫిస్టులా ఉన్న ఎడమచేయి జేబులో పెట్టుకున్నారు.

‘ఏటమ్మా అలా పరిగెడతావు? మేం ఎక్కొచ్చిన దారి మీ అత్తకి.. మీ అమ్మకి చూపిద్దామని’ అన్నారు నాన్న కంగారులో వరసలు తప్పి.

ఆవిడ ఏడ్చేసింది. తర్వాత ఆయన్ని తిట్టింది. మావయ్య నవ్వుతూ కిందకి చూపించారు. అటు మందస. ఇటు మహేంద్రతనయ పుట్టిన లోయలు. ఈ కొండ మీద పుట్టిన నీళ్లు ఒక పాయగా పర్లాకిమిడి మీదుగా వంశధారలో కలుస్తాయి, ఇంకొకటి సోంపేట పక్కనే బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆయన చిన్నప్పుడు ఈత నేర్చుకుంది అందులోనే. మంచు లేకపోతే ఇక్కణ్నుంచి సముద్రం కనబడుతుందంటారు. ఆ రోజు కనబడలేదు. ‘ఉందిలే అక్కడే’ అన్నారు.

అక్కడ ఆయన సీసాలో నీళ్లు రెండు గుక్కలు తాగారు. ఇంకా సగం మిగిలింది. అత్త ఆ సీసా వెలుగుకి పెట్టి చూసింది, మూత గట్టిగా బిగించింది.

రాత్రి తొమ్మిదికి సోంపేటలో దిగాం. తెల్లారి మా ఆవిడ అట్నుంచటే బడికి, నేను మావయ్యతో డయాలసిస్ కేంద్రానికి. బరువు చూసిన నర్సు కాగితంలో రాసుకుంటూ, గురువారం నుంచి రెండు కిలోలే పెరిగారని మెచ్చుకుంది. ఎక్కడికైనా వెళ్లారా అని అడిగింది. మావయ్య చెప్పారు. పక్క మంచం మీద కవిటి ఆయన తల తిప్పి, ‘జీపు పైదాకా వెళ్తాదా?’ అన్నాడు.

సూది గుచ్చాక మావయ్య నన్ను దగ్గరికి పిలిచారు.

‘శివరాత్రి ఏ వారం వచ్చిందిరా?’

ఫిబ్రవరి 15. ఆదివారం. ముందే చూసుకున్నాను.